కీబోర్డులో ప్రాంప్టర్

నాటకాల పోటీలు చూసినవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు. వేదిక మీద కృష్ణుడో, కర్ణుడో మాట మరిచిపోయి ఒక్క క్షణం నీళ్లు నమిలితే పక్కతెర చాటు నుంచి ఓ గొంతు సన్నగా వినిపిస్తుంది. మొదటి రెండు మాటలే. అవి చెవిన పడగానే నటుడు మిగతాదంతా గడగడా అందుకుంటాడు. ఆ గొంతు ప్రాంప్టర్‌ది. నాటకం పోయి సినిమా వచ్చినా ఆ పని పోలేదు. తెలుగు రాని కథానాయికకి కెమెరా పక్కన నిలబడి ముక్కముక్కా అందించే సహాయ దర్శకుడు ఫిల్మ్‌నగర్‌లో ఇప్పటికీ కనిపిస్తాడు.

ఆ ఫిల్మ్‌నగర్‌కి బండి మీద కాసేపట్లో చేరుకునే దూరంలో రహమత్ నగర్ ఉంది. అక్కడి మేడమీద గదుల్లో ఉంటూ గ్రాఫిక్స్ స్టూడియోల్లో పనిచేసే కుర్రాళ్లకి ప్రాంప్టర్ మరో రూపంలో తెలుసు. అతనికి గొంతు లేదు. కీబోర్డులో ఎడమచేతి చిటికెనవేలు అందుకునే చోట, ట్యాబ్ అనే మీట మాటున ఉంటాడు. ఇతని పద్ధతి మాత్రం తిరగబడింది. మొదటి రెండక్షరాలూ మనిషి అందిస్తే, మిగతాది యంత్రం అందుకుంటుంది!

తెల్లారాక తెలిసిన తప్పు

యూసుఫ్‌గూడ దాటి బోరబండ వైపు ఎగుడుదిగుడుగా సాగే సందులు, గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు, కింద కిరాణా కొట్టు, పైన అద్దె గది... రహమత్ నగర్ అంటే ఇదీ. కృష్ణానగర్‌లాగే ఇక్కడా సినిమా పనివాళ్లు కనిపిస్తారు. అలాంటి ఓ గదిలో ఉండే కుర్రాణ్ని ఊహించుకుందాం. పేరు అక్కర్లేదు. ఊరు తాడేపల్లిగూడెం అనుకోండి. వయసు 23. పచ్చతెర ముందు నిలబడి నటించిన హీరోని తీసుకెళ్లి కోట ముందు నిలబెట్టడం అతని పని. దీన్నే కంపోజిటింగ్ అంటారు. ఊళ్లు మారతాయి, వయసులు మారతాయి గానీ ఇలాంటివాళ్ల కథ దాదాపు ఒకటే.

‘సినిమాలో పనంటావు, తెర మీద ఎక్కడా కనబడవేంట్రా?’ అని అమ్మ ఫోన్‌లో అడుగుతుంది.

‘చివర్లో పేర్లు పడతాయి కదమ్మా, అక్కడ చూడు’ అంటాడు.

‘అప్పటికి హాల్లో లైట్లేసేస్తారు, అందరూ లేచి నిలబడతారు. ఇంకేం కనిపిస్తుంది?’

దానికి అతని దగ్గర జవాబుండదు.

రాత్రి పదకొండున్నర. మర్నాడు పదింటికి దర్శకుడికి షాట్ చూపించాలి. వినడానికి ఐదు సెకన్ల షాట్. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 120 బొమ్మలు. ఒక్కో బొమ్మనీ కంప్యూటర్ లెక్కలు కట్టి తయారుచేయాలి. రెండరింగ్ అంటే అదే. బొమ్మకి పది నిమిషాలే అనుకున్నా మొత్తం 1,200 నిమిషాలు, అంటే 20 గంటలు. రెండు యంత్రాలకి పంచితే పది గంటలు. తొమ్మిదిన్నరకి పూర్తవుతుంది. సరిగ్గా సరిపోతుంది, ఒక్క పొరపాటు కూడా జరగకపోతే.

నల్లతెర మీద అతను ఆదేశం కొడుతున్నాడు. సినిమా పేరు, సన్నివేశం, షాట్ నంబరు, విభాగం, చివరగా వెర్షన్. ఒక్కోదానికి రెండేసి అక్షరాలు కొట్టడం, ట్యాబ్ నొక్కడం. మిగతాది దానంతటదే నిండుతుంది. వెర్షన్ దగ్గర ‘వి 01’ దాకా కొట్టి ట్యాబ్ నొక్కాడు. అంకె పూర్తయింది. ఎంటర్ కొట్టాడు. బండి తీసుకుని గదికొచ్చి పడుకున్నాడు.

తెల్లారి చూస్తే తయారైంది 12వ వెర్షన్. కావల్సింది 17. కోట బురుజుని ఎడమవైపు జరపమని దర్శకుడు వారం కిందట చెప్పిన మార్పు అందులో ఉంది. పన్నెండులో బురుజు ఎక్కడుండకూడదో అక్కడే ఉంది.

ఎలా జరిగింది? అతను ఉన్నది గతనెల నకలు తీసిపెట్టిన ఫోల్డర్‌లో. అందులో ‘వి 01’తో మొదలయ్యే ఫైలు ఒక్కటే. ఒక్కటే ఉంటే ట్యాబ్ మరో మాట అడగదు, నింపేస్తుంది. అసలు ఫోల్డర్‌లో అయితే 10 నుంచి 17 దాకా ఎనిమిది ఉండేవి కాబట్టి ‘ఏది కావాలి?’ అన్నట్టు బీప్‌మని ఆగేది. ఆ బీప్ రాలేదన్న సంగతి నిద్రకళ్లకి తట్టలేదు.

‘అన్నా, నేను కొట్టలేదు. ట్యాబే నింపింది’ అన్నాడు పక్క కుర్చీలో సీనియర్‌తో, ఏడుపు గొంతుతో.

‘ట్యాబ్‌కేం తెలుసు తమ్ముడూ? ఎదురుగా ఏముందో అది చెప్తుంది. నీకేది కావాలో దానికెవరు చెప్పారు?’

అక్షరదోషం పడకుండా ట్యాబ్ కాపాడుతుంది. ఆ పేరుతో ఫైలు నిజంగా ఉందని హామీ ఇస్తుంది. అదే సరైన ఫైలని మాత్రం ఎక్కడా చెప్పలేదు. చాలామంది రెండో హామీ కూడా ఇచ్చిందనుకుని ఎంటర్ కొట్టేస్తారు. సీనియర్ చేసిన ఉపాయం ఈ తేడా మీదే నిలబడింది. అతను కొత్త ప్రోగ్రామేమీ కొనలేదు. మరో మీటకి మరో ప్రాంప్టర్‌ని ముడిపెట్టాడు.

బొమ్మల కొలువులో నల్లతెర ఎందుకు?

మౌస్‌తో పనైపోయే రోజుల్లో ఇంకా ఆదేశాలు టైపు చేయడమేంటని అనిపించొచ్చు. ఒక ఫైలు తెరవడానికైతే మౌస్ చాలు. 120 బొమ్మల్లో 43 నుంచి 61 దాకా మాత్రమే మళ్లీ చేయించాలంటే, 30 షాట్లలో పాతవన్నీ ఒక పక్కకి తీయాలంటే, ఒక్కొక్కటీ నొక్కుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఒక్క వాక్యం టైపు చేస్తే పనైపోతుంది. ఆ వాక్యాన్ని చదివి యంత్రానికి చేరవేసే ప్రోగ్రామే షెల్. ఆదేశం కోసం ఎదురుచూస్తూ అది చూపించే గుర్తుని ప్రాంప్ట్ అనే పిలుస్తారు. పేరు బాగా కుదిరింది.

సినిమా గ్రాఫిక్స్‌కీ లైనక్స్‌కీ పాత చుట్టరికమే ఉంది. 1997లో వచ్చిన ‘టైటానిక్’ కోసం డిజిటల్ డొమైన్ సంస్థ వందకు పైగా యంత్రాల్ని లైనక్స్ మీద నడిపించింది. అప్పట్నుంచి పెద్ద స్టూడియోలు ఆ దారే పట్టాయి. హూడిని, న్యూక్, మాయా లాంటి సాఫ్ట్‌వేర్లన్నీ లైనక్స్ మీద నడుస్తాయి. తెలుగు సినిమాకొస్తే ‘మగధీర’, ‘ఈగ’, ‘బాహుబలి’ రెండు భాగాలూ... ఈ నాలుగూ స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డు తెచ్చుకున్నవే. 2012లో వచ్చిన ‘ఈగ’లో అయితే కథానాయకుడే కంప్యూటర్‌లో పుట్టాడు. హైదరాబాద్‌కి చెందిన మకుట సంస్థ ఆ ఈగకి ప్రాణం పోసింది. అవార్డు అందుకునేది ఒకరో ఇద్దరో. వెనక కీబోర్డుల ముందు కూర్చునేది వందలమంది.

టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి షెల్ దాకా

లోయరూ హయ్యరూ పాసైన తరం ఇంకా మన ఇళ్లల్లో ఉంది. వాళ్లనడిగితే ట్యాబ్ మీట అసలు పనేంటో చెబుతారు. పట్టికలు కొట్టేటప్పుడు టైపు మిషన్ క్యారేజీ ఒక్క దూకులో తర్వాతి నిలువు వరుసకి వెళ్లడానికి పెట్టిన మీట అది. టాబ్యులేటర్ అన్నమాట. పేర్లు పూరించడానికీ దానికీ సంబంధమే లేదు.

పూరణ అనే ఆలోచన 1970ల మొదట్లో అమెరికాలోని టెనెక్స్ అనే వ్యవస్థలో బాగా స్థిరపడింది. అక్కడ ఎస్కేప్ మీట నొక్కితే సగం మాట పూర్తయ్యేది, ప్రశ్నార్థకం కొడితే ఏమేం కొట్టొచ్చో జాబితా వచ్చేది. ఆ సౌకర్యం యూనిక్స్‌లోనూ ఉంటే బాగుంటుందని కెన్ గ్రీర్ అనే ఆయన చేసిన ప్రయత్నం నుంచే టీసీ షెల్ వచ్చింది. ఆ పేరు ముందున్న ‘టీ’ టెనెక్స్ గుర్తే.

1989లో బ్రయాన్ ఫాక్స్ బ్యాష్‌ని విడుదల చేశాడు. మరుసటేడాది ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న పాల్ ఫాల్‌స్టాడ్ మరో షెల్ రాశాడు. పేరేం పెట్టాలా అని చూస్తే అక్కడ బోధనా సహాయకుడిగా ఉన్న ఝోంగ్ షావో లాగిన్ పేరు కళ్లబడింది. జెడ్, ఎస్, హెచ్. చివర్లో ‘ఎస్ హెచ్’ అంటే షెల్లే కదా! అలా జెడ్ షెల్ అయింది. ఆ తర్వాత ఆ ఝోంగ్ షావో పెద్ద ఆచార్యుడయ్యాడు. పేరు మాత్రం ఇప్పుడు కోట్లమంది కంప్యూటర్లలో ఉంది. 2019లో యాపిల్ తన మాక్ కంప్యూటర్లలో బ్యాష్‌ని పక్కనపెట్టి జెడ్ షెల్‌నే ముందు కనిపించేలా చేసింది మరి.

మొదట్లో షెల్ పూరించింది ఫైళ్ల పేర్లూ ఆదేశాల పేర్లే. 2000లో వచ్చిన బ్యాష్ 2.04తో కథ మలుపు తిరిగింది. ఏ ఆదేశం తర్వాత ఏ జాబితా చూపించాలో మనమే చిన్న ప్రోగ్రాము ముక్క రాసి చెప్పొచ్చు. ఆ ముక్కని పూరణ ఫంక్షన్ అంటారు. అవధానంలో సమస్యాపూరణం చూసినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. అక్కడ చివరి పాదమిస్తే ముందు మూడూ అవధాని పూరిస్తాడు, ఇక్కడ మొదటి అక్షరాలిస్తే మిగతాది ఫంక్షన్ పూరిస్తుంది. కాకపోతే అవధానికి కల్పనాశక్తి ఉంది. ఫంక్షన్‌కి జాబితా తప్ప మరేమీ తెలియదు.

ఒక్కో మీటకి ఒక్కో ప్రాంప్టర్

ఇంతకీ సీనియర్ చేసిందేంటి? అది అర్థం కావాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. ట్యాబ్ అనేది అందరి మాటలూ మోసే ఒకే ఒక్క ప్రాంప్టర్. కృష్ణుడి పద్యం, కర్ణుడి డైలాగు, రేపటి నాటకం ప్రకటన... అన్నీ అతనే ఊహించి అందించాలి. ఎక్కువసార్లు సరిగ్గానే అందిస్తాడు. తప్పినప్పుడే తంటా.

బ్యాష్‌లో పుట్టుకతోనే మరికొందరు ప్రాంప్టర్లున్నారు. చాలామంది వాళ్లని పిలవనే పిలవరు. ఆల్ట్ పట్టుకుని ఏటవాలు గీత నొక్కితే ఫైళ్ల పేర్లు మాత్రమే వస్తాయి. ఆల్ట్‌తో ఆశ్చర్యార్థకం నొక్కితే ఆదేశాల పేర్లు. ఆల్ట్‌తో డాలర్ గుర్తు నొక్కితే వేరియబుళ్లు, ‘ఎట్’ గుర్తు నొక్కితే నెట్‌వర్కులోని యంత్రాల పేర్లు. వీటిలో మొదటిది రోజూ పనికొస్తుంది. కొన్ని వీడియో ప్రోగ్రాముల దగ్గర ట్యాబ్ నొక్కితే వీడియో ఫైళ్లే కనిపిస్తాయి. మంచి ఉద్దేశంతోనే అలా కట్టడి చేశారు. కానీ ఫైలుకి వింత తోక తగిలి ఉంటే అది కళ్లెదుటే ఉన్నా ట్యాబ్ మాత్రం ‘లేదు’ అంటుంది. అప్పుడు ఆల్ట్, ఏటవాలు గీత. ఆ కట్టడిని పక్కకి నెట్టి ఫైలు పేరు అందిస్తుంది.

సీనియర్ దీనికి సొంత ప్రాంప్టర్‌ని కలిపాడు. స్టూడియోలో రోజూ సాయంత్రం ఒక జాబితా తయారవుతుంది. ఏ షాట్‌కి ఏ వెర్షన్ ఖాయమైందో అందులో ఉంటుంది. మామూలు అక్షరాల ఫైలే. అతని ఫంక్షన్ ఫోల్డర్ వైపు చూడదు. ఆ జాబితా తెరిచి, అప్పటిదాకా కొట్టిన అక్షరాలతో సరిపోయే షాట్‌ని పట్టుకుని, దాని ఖాయమైన వెర్షన్‌ని పూర్తి దారితో సహా వాక్యంలో పెడుతుంది. పాత నకలు ఫోల్డర్‌లో నిలబడి నొక్కినా 17వ వెర్షనే వస్తుంది. జాబితాలో ఆ షాట్ లేకపోతే ఏమీ రాదు. అలా ఏమీ రాకపోవడం కూడా ఒక కబురే.

దీన్ని మీటకి కట్టడం జెడ్ షెల్‌లో తేలిక. పని మూడు మెట్లు. జాబితా తెచ్చే ఫంక్షన్ రాయాలి. దానికి మీటతో పిలవగలిగే ఒక పేరు ఇవ్వాలి. దాన్ని వాళ్లు విడ్జెట్ అంటారు. చివరికి ‘బైండ్‌కీ’ అనే ఆదేశంతో ఆ పేరునీ మీటనీ ముడేయాలి. రాయాల్సింది ఫంక్షన్ కాక రెండే రెండు వాక్యాలు. సొంతంగా ఫంక్షన్ రాయనివాళ్లకీ ఇందులో చోటుంది. షెల్‌తో పాటే వచ్చిన పూరణల్లో నచ్చినదాన్ని, ఉదాహరణకి పాత ఆదేశాల్లోంచి మాటలు అందించేదాన్ని, విడిగా ఒక మీటకి కట్టుకోవచ్చు.

బ్యాష్‌లో కొంచెం చుట్టుదారి. అక్కడ పూరణ ఫంక్షన్‌ని ముడేసేది ఆదేశానికే తప్ప మీటకి కాదు. మీటకి కట్టాలంటే ‘బైండ్’ అనే ఆదేశం సాయంతో మరో రకం ఫంక్షన్‌ని పిలవాలి. టైపు చేస్తున్న వాక్యమూ, కర్సర్ ఎక్కడుందో ఆ స్థానమూ రెండు వేరియబుళ్లలో దాని చేతికొస్తాయి. ఫంక్షన్ ఆ వాక్యాన్ని దిద్ది వెనక్కిస్తే తెర మీద మారిపోతుంది. ఈ వెసులుబాటు 2009లో వచ్చిన బ్యాష్ 4.0 నుంచే ఉంది. మాక్‌తో వచ్చే బ్యాష్ అంతకంటే పాతది, 3.2. స్టూడియోలో చక్కగా పనిచేసిన కిటుకు ఇంట్లో మాక్ మీద ఎందుకు పనిచేయట్లేదని బుర్ర గోక్కునేవాళ్లలో సగంమందికి కారణం ఇదే కావచ్చు.

ఖాళీ కుర్చీ వెతుక్కోవాలి

అన్నింటికంటే చిరాకు పెట్టేది మీట ఎంచుకోవడమే. నగరంలో ఇంటి స్థలం దొరకనట్టు కీబోర్డులో ఖాళీ మీట దొరకదు. కంట్రోల్ డి నొక్కితే షెల్ మూతపడుతుంది. కంట్రోల్ జెడ్ నడుస్తున్న పనిని ఆపేస్తుంది. కంట్రోల్ ఎస్ నొక్కితే తెర బిగుసుకుపోతుంది. కొత్తవాళ్లు యంత్రం చచ్చిందనుకుని కంగారుపడతారు. కంట్రోల్ క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది.

కొన్ని మీటలు వేషాలు మార్చుకుని ఉంటాయి. కంట్రోల్ ఐ ఖాళీగానే ఉంది కదా అని దానికేదైనా కట్టారనుకోండి, ట్యాబ్ కూడా మారిపోతుంది! ఎందుకంటే టెర్మినల్‌కి రెండూ ఒకటే. పాత టెలిప్రింటర్ల కాలం నుంచీ ఆ రెంటి నుంచీ వెళ్లే సంకేతం 9వ నంబరే. కంట్రోల్ ఎమ్ కూడా అంతే, అది ఎంటర్‌కి కవల. అనుమానంగా ఉన్న మీట ఏం పంపుతోందో చూడాలంటే ముందు కంట్రోల్ వి నొక్కి, ఆ తర్వాత ఆ మీట నొక్కాలి. దాని అసలు రూపం తెర మీద పడుతుంది.

అందుకే అనుభవజ్ఞులు కంట్రోల్ ఎక్స్‌ని గుమ్మంలా వాడుకుంటారు. ముందు అది నొక్కి, తర్వాత మరో అక్షరం. ఇక్కడా కొన్ని కుర్చీలు నిండిపోయే ఉన్నాయి. షాట్ కదా, ఎస్ పెడదామంటే జెడ్ షెల్‌లో అది పాత ఆదేశాలు వెతికే పనిలో ఉంది. సీనియర్ వెర్షన్‌కి గుర్తుగా వి పెట్టుకున్నాడు. కట్టేముందు ఏ మీటకి ఏ పని ఉందో షెల్‌నే అడగొచ్చు. జెడ్ షెల్‌లో ‘బైండ్‌కీ’ అని ఒట్టిగా కొడితే చాలు, మొత్తం చిట్టా పరుస్తుంది.

ఇంకో జాగ్రత్త. మీటకి పూరణతోపాటు ఎంటర్ కూడా కలిపి కట్టేయొచ్చు. ఒక్క నొక్కుతో పేరు రావడం, ఆదేశం నడవడం రెండూ అయిపోతాయి. కొత్తలో అందరికీ ఆ ఆశ పుడుతుంది. సీనియర్ అది చేయనివ్వలేదు. ప్రాంప్టర్ మాట అందించాలి గానీ వేదికెక్కి తనే చెప్పేయకూడదు కదా.

ఉడీ టోపీ మాయమైన రోజు

ఎంటర్ మీద అంత భయమెందుకో తెలియాలంటే పిక్సార్ సంస్థలో 1998లో జరిగింది వినాలి. ‘టాయ్ స్టోరీ 2’ తయారవుతోంది. ఎవరో ఎక్కడో ఫైళ్లు చెరిపే ఆదేశం కొట్టారు. వాక్యం చివర నక్షత్రం గుర్తు ఉందని చెబుతారు. అంటే ‘ఇక్కడున్నవన్నీ’ అని అర్థం. అది నిలబడకూడని చోట నిలబడి నడిచింది. ఉడీ అనే కౌబాయ్ బొమ్మ ఫైళ్లు చూస్తున్నవాళ్ల కళ్లముందే ముందు అతని టోపీ పోయింది, తర్వాత బూట్లు, కాసేపటికి ఉడీయే లేడు. యంత్రాల తీగలు లాగేసేసరికే సినిమాలో చాలా భాగం చెరిగిపోయింది. నకళ్లు ఉన్నాయి కదా అని చూస్తే ఆ వ్యవస్థ కొన్నాళ్లుగా సరిగ్గా పనిచేయట్లేదు.

కాపాడింది ఓ బాలింత. సాంకేతిక పర్యవేక్షకురాలు గాలిన్ సుస్మన్ ప్రసవం తర్వాత ఇంటి నుంచి పనిచేస్తుండటంతో ఆమె ఇంట్లో యంత్రం మీద సినిమా నకలు ఉంది. దాన్ని దుప్పట్లలో చుట్టి పసిబిడ్డని తెచ్చినట్టు కారులో ఆఫీసుకి తెచ్చారు. సినిమా 1999 నవంబరులో విడుదలైంది. మధ్యలో కథ నచ్చక దాదాపు మొత్తం మళ్లీ తీశారన్నది వేరే సంగతి.

ఇలాంటి నక్షత్రానికి కూడా మీట ఉంది. చాలామందికి తెలియదు గానీ బ్యాష్, జెడ్ షెల్ రెండింట్లోనూ పుట్టుకతో వచ్చిందే. నక్షత్రం కొట్టాక ఎంటర్ బదులు కంట్రోల్ ఎక్స్, ఆ తర్వాత నక్షత్రం నొక్కితే అది మాయమై దాని కిందికొచ్చే ఫైళ్ల పేర్లన్నీ వాక్యంలో వరసగా పరుచుకుంటాయి. పది వస్తాయనుకున్న చోట తెర నిండిపోయిందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. ఇంకా ఏమీ చెరగలేదు. కంట్రోల్ సీ కొట్టి బయటపడొచ్చు. చెరిపే ఆదేశం దగ్గర ఈ ఒక్క అలవాటు చాలా రాత్రుల్ని కాపాడుతుంది.

చేతిరాత కాగితం

అమీర్‌పేటలో లైనక్స్ కోర్సు చేసి వచ్చినవాళ్లకి ఆదేశాలు బాగానే వస్తాయి. మీటలు ముడేసుకోవడం మాత్రం ఎక్కువగా పక్క కుర్చీ నుంచి అందే విద్య. సినిమా బయటికి పొక్కకూడదని చాలా స్టూడియోల్లో పనిచేసే యంత్రాలకి ఇంటర్నెట్ ఇవ్వరు, పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు. ఇంట్లో చక్కగా అమర్చుకున్న ఫైలుని తేవాలంటే కాగితం మీద రాసుకుని తెచ్చి మళ్లీ టైపు చేయడమే. వంటింట్లో ఆవకాయ కొలతల చీటీలా ఆ కాగితాలు చేతులు మారుతుంటాయి. ఎవరు మొదట రాశారో ఎవరికీ తెలియదు. మధ్యలో ఒకరు ఒక వాక్యం చేరుస్తారు, మరొకరు తప్పు దిద్దుతారు. ఏ సినిమా చివరా వీటికి పేరు పడదు.

ఈ కాగితంతో ఒక చిక్కు కూడా ఉంది. వేలికి అలవాటైపోయాక మెదడుతో పనుండదు. సొంత యంత్రం మీద ఖాయమైన వెర్షన్ తెచ్చే మీట, పక్కవాడి యంత్రం మీద మరేదో చేస్తుంది, లేదా ఏమీ చేయదు. వేలు మాత్రం అన్నిచోట్లా ఒకేలా నొక్కుతుంది. అందుకే కొందరు పెద్దవాళ్లు ఏ మీటనీ మార్చుకోరు. ‘రేపు ఎక్కడ కూర్చోబెడతారో తెలియదు’ అంటారు. అందులోనూ నిజముంది. రోజంతా ఒకే కుర్చీలో కూర్చునేవాడికి మాత్రం ముడేసుకోవడమే మేలు.

ఆ పొద్దున షాట్ మాటేమైంది? పదింటి ప్రదర్శన సాయంత్రం ఆరింటికి వాయిదా పడింది. సీనియర్ ఎవరినో బతిమాలి మరో యంత్రం ఖాళీ చేయించాడు. మూడు యంత్రాలకి పంచినా ఆరున్నర గంటల పైమాటే. కుర్రాడు మళ్లీ ఆదేశం కొట్టాడు. షాట్ నంబరు రెండంకెలు కొట్టి, కంట్రోల్ ఎక్స్, వి. వాక్యం నిండింది. చివర్లో 17.

ఎంటర్ మీద వేలు పెట్టి ఆగాడు. సినిమా పేరు నుంచి వెర్షన్ దాకా ఒకసారి పైకే చదివాడు.

‘కొట్టనా అన్నా?’

‘చదివావుగా. కొట్టు.’